రెండు డిస్కులున్నవి, చూచువారెవరు?

మన సంఘ కార్యాలయములోని కంప్యూటరునందు రెండు డిస్కులున్నవనియు, ఒకటి చెడినను రెండవది ఆదుకొనుననియు మనమందరమును నిశ్చింతగా నుంటిమి. 2023వ సంవత్సరము వేసవిలో వానిలో నొకటి పనిచేయుట మానినది. ఆ సంగతి మనకు తెలిసినది కార్తికమాసములో. నడుమ నైదు నెలలకు పైగా మన కాగితములన్నియు ఒంటికాలిపై నిలిచియున్నవి. యంత్రము ఈ విషయమును దాచలేదు. డిస్కు చెడిన తేదీని, గంటను, నిమిషమును తన చిట్టాలో వ్రాసియే యుంచినది. ఆ చిట్టా తెరచి చూచువారు లేకపోయిరి. కార్యవర్గములో నున్న మేమును ఆ చూడనివారిలోనివారమే గనుక, ఈ నాలుగు మాటలు ఇతరులను దూషించుటకు వ్రాయుచున్నవి కావు.

ఆ డిస్కులపై ఏమున్నదో సభ్యులకు గుర్తుచేయుట మంచిది. మన పత్రిక పాత సంచికల ఛాయాచిత్రములు, సంఘము ప్రభుత్వమునకు పంపుకొన్న మహజరుల నకళ్లు, పాత తెలుగు బడుల హాజరు పట్టీలు, కొన్ని కుటుంబములవారు నమ్మి యిచ్చిన దస్తావేజుల ప్రతులు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడి బరంపురము మదరాసు రాజధానినుండి విడిపోవుటకు ముందరి కాగితములును వానిలో గలవు. రాజ్యాంగములోని 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. 350-బి అధికరణము భాషాల్పసంఖ్యాకుల కొరకు ప్రత్యేకాధికారి యుండవలెనని చెప్పుచున్నది. ఈ రెండును 1956లో ఏడవ సవరణచే చేరినవి. హక్కు అచ్చులో నున్నది. అయినను మనము అర్జీ పట్టుకొని పోయినప్పుడెల్ల బల్ల కావలివారు అడుగునది ఒక్కటే: ఇక్కడ తెలుగు బడి యుండెననుటకు, ఇంతమంది పిల్లలు చదివిరనుటకు కాగితమేదీ? అసలు కాగితములు కొన్ని చెదలపాలైనవి. వానికి ఆ డిస్కుపై నున్న ప్రతియే ఇప్పుడు అసలు.

ఇక ఆ రెండు డిస్కుల ఏర్పాటును గూర్చి. దీనిని రెయిడ్ అందురు. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు 1988లో ఒక పత్రము ప్రకటించి దీనికి ఆ పేరు పెట్టిరి. ఆ పేరులోని ఒక అక్షరమునకు వారు చెప్పిన అర్థము చవుక యని. పెద్ద డిస్కు నొకదానిని అధిక ధరకు కొనుటకు బదులు చవుక డిస్కులను కొన్నిటిని జతపరచవలెనని వారి ఆలోచన. తరువాత అమ్మకపుదార్లు ఆ చవుకను తీసివేసి స్వతంత్రమను మాట నిలిపిరి. తన సరకును చవుక సరకని చెప్పుకొనుట ఏ వర్తకునకు రుచించును?

అంగడి లెక్కలు తెలిసినవారికి ఇది కష్టమైన విషయము కాదు. గుమాస్తా ఒక్కొక్క పద్దును ఒకేసారి రెండు పుస్తకములలో వ్రాయుచున్నాడనుకొనుడు. ఒక పుస్తకము పోయినను రెండవది నిలుచును. ఇది రెయిడ్‌లో మొదటి తరగతి. మనది ఈ తరగతియే. అయిదవ తరగతిలో మూడు పుస్తకములు కావలెను. మొదటిదానిలో 40, రెండవదానిలో 25, మూడవదానిలో ఆ రెండింటి మొత్తము 65. రెండవ పుస్తకము పోయినచో 65 నుండి 40 తీసివేసిన 25 తిరిగి దొరకును. యంత్రము చేయు లెక్క వేరు రకముది గాని, యుక్తి ఇదియే. గుమాస్తా పద్దు తప్పుగా వ్రాసినచో మాత్రము రెండు పుస్తకములలోను తప్పే పడును. పొరబాటున ఒక సంచిక చెరిపివేసినచో రెండు డిస్కులపైనను ఆ క్షణముననే చెరిగిపోవును. కనుక రెయిడ్ ఉన్నది, వేరు ప్రతి అక్కరలేదు అనువారు సగము మాత్రమే విన్నవారు.

మన యంత్రము లినక్సుపై నడచునది. అందులో డిస్కులను కలిపి ఒక వాల్యూము గ్రూపుగా చేసి, దానినుండి కావలసినంత కొలతకు లాజికల్ వాల్యూములను కోసికొందురు. రెండు గిడ్డంగులను ఒక్కటిగా లెక్కవేసి, అందులో బియ్యమునకింత, పప్పులకింత అని చోటు కేటాయించుట వంటిది. డిస్కు చెడినప్పుడు ఏమి చేయవలెనో యంత్రమునకు ముందే చెప్పియుంచవచ్చును. మనమేమియు చెప్పనిచో అది వార్న్ అను పద్ధతినే పాటించును; అనగా చిట్టాలో హెచ్చరిక వ్రాసి ఊరకుండును. అలొకేట్ అని మార్చి, గ్రూపులో అదనముగా మూడవ డిస్కునకు చోటిచ్చినచో, తానే ఆ లోటును పూడ్చుకొన ప్రయత్నించును. మనకు యంత్రము నమర్చి యిచ్చినవారు ఈ మాట చెప్పలేదు. మనమును అడుగలేదు.

ఆ కార్తికమాసపు రాత్రి జరిగినది చెప్పెదము. తెలిసినవాడని పిలిపించిన మరమ్మతుదారు ఒకరు వచ్చి, రెండు డిస్కులను తుడిచి అంతయు క్రొత్తగా నెక్కించెదనని చెప్పెను. కార్యదర్శిగారు ఆయన చేయి పట్టుకొని ఆపకుండినచో ఈ వ్యాసమునకు అవసరమే యుండెడిది కాదు. అప్పుడు బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్న మన బరంపురపు పిల్లవాడొకడు ఫోనులో ఒక్కొక్క ఆజ్ఞయు అక్షరమక్షరముగా చెప్పెను. మేము కాగితముపై వ్రాసికొని, చదివి, మరల అతనికి వినిపించి, తరువాతనే టైపు చేయించితిమి.

మొదట పీవీఎస్ అను ఆజ్ఞ. డిస్కుల జాబితా వచ్చినది. ఒకదాని పేరుండవలసిన చోట తెలియనిది అను అర్థమిచ్చు ఆంగ్లపదము కనబడినది. పిమ్మట ఎల్‌వీఎస్. వాల్యూము గుణములను తెలుపు అక్షరముల వరుసలో తొమ్మిదవ చోట పీ అను అక్షరము నిలిచినది. భాగమొకటి లోపించినదని దాని అర్థము. ఇక పెట్టె తెరచి చెడినదానిని తీయవలెను. మేము చేయిపెట్టిన డిస్కు మంచిది! పిల్లవాడు ఫోనులో ఆగుడని కేకవేసి, పనిచేయుచున్న డిస్కు సీరియల్ సంఖ్యను తెరపై చదివించి, ఆ సంఖ్య గలదానిని ముట్టరాదని చెప్పెను. డిస్కులపై చీటీలంటించుట రెండు నిమిషముల పని. అది చేయకపోవుటచేత ఆ రాత్రి ఉన్న ఒక్క ప్రతియు ఊడివచ్చెడిదే.

క్రొత్త డిస్కు పెట్టిన తరువాత పీవీక్రియేట్ అను ఆజ్ఞతో దానిని సిద్ధపరచి, వీజీఎక్స్‌టెండ్‌తో గ్రూపులో చేర్చి, ఎల్‌వీకన్వర్ట్ అను ఆజ్ఞకు రిపేర్ అను గుర్తు తగిలించి వాల్యూము పేరు చెప్పితిమి. ఎల్‌వీఎస్ అడిగినప్పుడెల్ల నూటికింత నకలు జరిగినదని చూపుచుండెను. 2 టెరాబైట్ల డిస్కు. సెకనుకు 100 మెగాబైట్ల వంతున లెక్కించినను ఐదున్నర గంటలు పట్టును. ఆ ఐదున్నర గంటలును మిగిలిన పాత డిస్కును మొదటినుండి చివరివరకు చదువవలెను. అదియు చెడినదాని యీడుదే, ఒకేనాడు కొన్నవి. తెల్లవారుజామున నూరు నిండువరకు మేమెవ్వరమును నిద్రపోలేదు. ఆ పిమ్మటనే వీజీరెడ్యూస్‌తో లేని డిస్కు పేరును గ్రూపునుండి తీసివేసితిమి. ఈ క్రమము మార్చరాదు. ఈ చివరి ఆజ్ఞకు ఫోర్స్ అను గుర్తు చేర్చి ముందుగానే ప్రయోగించినచో లోపించిన డిస్కుపై భాగములున్న వాల్యూములకే ముప్పు రావచ్చును. యంత్రము మొరాయించినప్పుడు బలవంతము చేయవలెనని తోచుట సహజమే. అట్టి వేళ చేతులు కట్టుకొని కూర్చుండుట ఉత్తమము.

బొమ్మలు నొక్కి చేయు సులభమార్గముండగా ఈ ఆజ్ఞల బాధ యెందుకని ఒక సభ్యులు అడిగిరి. బొమ్మల తెర సగము చచ్చిన యంత్రముపై రాకపోవచ్చును. వచ్చినను, ఎక్కడ నొక్కితిమో కాగితముపై వ్రాసిపెట్టుట కష్టము. ఆజ్ఞ అట్లు కాదు. దానిని వ్రాసికొనవచ్చును, ఫోనులో చెప్పవచ్చును, మరునాడు సరిచూచుకొనవచ్చును. ఆ రాత్రి మమ్ములను కాపాడినది మూడు వందల కోసుల దూరమునుండి వినబడిన మాట. బొమ్మలైనచో అది సాధ్యమయ్యెడిది కాదు.

రెండు పుస్తకములను అప్పుడప్పుడు ఒరసి చూచుట మరియొక పని. ఎల్‌వీఛేంజ్ అను ఆజ్ఞకు సింక్‌యాక్షన్ చెక్ అని చేర్చినచో యంత్రము రెండు డిస్కులను పోల్చి, తేడాలెన్నియో లెక్క చూపును. సున్న వచ్చిన సంతోషము. తేడా వచ్చినచో రిపేర్ అని చెప్పి రెండును ఒకటిగా చేయించవచ్చును గాని, ఏ పుస్తకములోని పద్దు సరియైనదో ఈ మొదటి తరగతి రెయిడ్ స్వయముగా ఎరుగదు. ఒకదానిని చూచి రెండవదానిని దిద్దును, అంతే. అందుచేత మూడవ ప్రతి వేరొక చోట నుండవలెను.

ఎక్కడ? 2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను గోపాలపురమువద్ద తీరము దాటినది. ఆ రాత్రి ఒకే పెట్టెలో, ఒకే గదిలో, ఒకే కప్పుక్రింద నున్న రెండు డిస్కులును ఒక్కటితో సమానము. విశాఖపట్టణములో నుంచుదమని కొందరనిరి. సరిగా ఏడాదికి, 2014 అక్టోబరు 12వ తేదీననే, హుద్‌హుద్ విశాఖను తాకినది. మా అభిప్రాయము కోరాపుట్టు వైపుననో హైదరాబాదులోనో మన బంధువర్గమువారి యింట ఒక డిస్కు నుంచి, ఆరు నెలలకొకసారి మార్చుట. అంతర్జాలములో కంపెనీలవద్ద చోటు అద్దెకు తీసికొనుటకు మేము విరోధులము కాము. కాని అద్దె కట్టువారొకరే, తాళపుమాట తెలిసినవారొకరే యైనచో, వారు ఊరు మారిననాడు మన గతియేమి?

మా ముఖ్యమైన ఫిర్యాదు ఇదియే. కాగితములకు రెండు డిస్కులేర్పాటు చేసితిమి; వానిని బాగుచేయు తెలివికి రెండవ ప్రతి నేర్పాటు చేయలేదు. బెంగుళూరు పిల్లవాడు ఆ రాత్రి ఫోనెత్తకుండినచో? సంఘమున ఇంజనీరింగు చదివిన పిల్లలు ఉన్నారు. ఇంటిలో తెలుగు మాటలాడుదురు గాని చదువనేర్చినవారు కొలదిమంది. వారికి సంఘము చేయదగిన పనియేదీ లేదని మనమే అనుకొంటిమి, వారును అనుకొనిరి. ఈ ఆజ్ఞల పుస్తకమును తెలుగులో వ్రాయించుటకంటె వారికి తగిన పని యేమున్నది? వ్రాయుటకైనను అక్షరములు దిద్దుకొందురు.

ఆ రాత్రి వ్రాసికొన్న కాగితములు మావద్ద నున్నవి. వానిని శుభ్రముగా వ్రాయించి ఒక ప్రతి యంత్రము ప్రక్కను, ఒక ప్రతి కార్యదర్శిగారి యింటను ఉంచవలెననియు, ప్రతి శనివారము ఎల్‌వీఎస్ చూచి, చూచినవారు తేదీతో సంతకము చేయు పుస్తకమొకటి తెరువవలెననియు, ఇద్దరు యువకులను, ఒక యువతిని ఈ పనికి నియమింపవలెననియు రాబోవు సర్వసభ్య సమావేశములో తీర్మానము ప్రతిపాదింపనున్నాము. సాధన కొరకు పాత కంప్యూటరొకటి, పాత డిస్కులు మూడు మా అంగడిలో నున్నవి. సమావేశమునకు ముందు ఒక గంటసేపు వానిపై రెయిడ్ కట్టించి, ఒక డిస్కును సభవారి యెదుటనే ఊడదీయించెదము. కుతూహలము గలవారు తమ పిల్లలతో రావలసినదిగా ప్రార్థన.