జన్యు నివేదిక కంటే ముందు చూడవలసినది బి12

నాగార్జునసాగర్ రహదారి మీదనున్న తుర్కయంజాల్ ఒకప్పుడు మెట్ట పైర్లు, పాడి పశువులు గల రంగారెడ్డి జిల్లా గ్రామం. నేడది హైదరాబాదు శివారు పట్టణం. చేలు ప్లాట్లయ్యాయి, ఇంటి పాడి స్థానంలో పాల ప్యాకెట్లు వచ్చాయి. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ కాలనీలతో పాటు ఇక్కడికీ ఇప్పుడు కొత్త సరుకొకటి చేరుతున్నది. లాలాజలం నమూనా తీసుకొని, ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. అనే జన్యువులో మార్పు ఉన్నదని చెప్పి, ఆ వ్యక్తికే ప్రత్యేకమైనదంటూ మిథైల్‌ఫోలేట్ మాత్రల జాబితా ఇచ్చే వ్యాపారమది. అటువంటి నివేదిక పట్టుకొని వచ్చిన గృహిణికి హయత్‌నగర్ కృషి విజ్ఞాన కేంద్రంలోని గృహవిజ్ఞాన నిపుణురాలు ఏమి చెప్పాలి? ఇది వైద్యుల విషయమని తప్పుకోవడం సులభం. కానీ ఆ నివేదిక అంతిమంగా మాట్లాడేది ఆహారం గురించే గనుక విస్తరణ శాస్త్రవేత్తకు తప్పుకునే వీలు లేదు.

మిథైల్ సమూహాన్ని ఒక అణువుకు చేర్చే చర్యయే మిథైలేషన్. జన్యువుల పనిని అదుపు చేయడానికి, నరాల పై పొరను నిలుపుకోవడానికి ఇది అవసరం. ఆహారంలోని ఫోలేట్‌ను మిథైల్‌ఫోలేట్‌గా మార్చేది ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. ఎంజైము, దానికి రైబోఫ్లేవిన్, అనగా విటమిన్ బి2, తోడు కావాలి. తరువాతి అంచెలో మిథైల్‌ఫోలేట్ తన మిథైల్ సమూహాన్ని హోమోసిస్టీన్‌కు ఇవ్వగా అది మెథియోనిన్‌గా మారుతుంది. ఈ అంచె బి12 లేనిదే జరగదు. రక్తంలో హోమోసిస్టీన్ పెరిగినదంటే ఈ గొలుసులో ఎక్కడో లోపమున్నదని అర్థం. ఆ లోపం జన్యువులోనా, పళ్లెంలోనా అన్నదే అసలు ప్రశ్న.

జన్యు వాదంలో కొంత నిజం లేకపోలేదు. 1995లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు ఈ జన్యువు 677వ స్థానంలో సి బదులు టి ఉండే రూపాన్ని వెల్లడించారు. తల్లిదండ్రులిద్దరి నుండి టి రూపమే పొందినవారిలో ఎంజైము చురుకుదనం బాగా తగ్గుతుంది. అయినా సమానంగా ఫోలిక్ ఆమ్లం తీసుకున్నప్పుడు వారి రక్తంలోని ఫోలేట్, ఇతరులకంటే సుమారు 16 శాతం మాత్రమే తక్కువగా ఉంటుందని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ చెబుతున్నది. ఈ రూపం గలవారి శరీరం కూడా ఫోలిక్ ఆమ్లాన్ని వాడుకోగలదనీ, శిశువులలో నాడీనాళ లోపాలను నివారిస్తుందని రుజువైనది ఫోలిక్ ఆమ్లం ఒక్కటేననీ ఆ సంస్థ స్పష్టం చేసింది. రక్తం గడ్డకట్టే జబ్బుల విచారణలో ఈ పరీక్ష చేయించవద్దని అమెరికా వైద్య జన్యుశాస్త్రజ్ఞుల కళాశాల 2013లోనే సూచించింది.

ఇక భారతీయులలో 677 టి రూపం మెక్సికో, ఇటలీ వంటి దేశాలలో కంటే అరుదు. అదే జన్యువులో 1298వ స్థానపు మార్పు మాత్రం ఇక్కడ చాలా సాధారణం; ఒంటరిగా దాని ప్రభావం స్వల్పం. కనుక పరీక్ష చేయించుకున్నవారిలో చాలామందికి ఏదో ఒక మార్పు ఉన్నదనే నివేదిక రావడంలో వింత లేదు. ఇందరిలో కనిపించేదాన్ని లోపమని పిలిచి మాత్రలమ్మడం వ్యాపారానికి అనుకూలమే, పోషణ శాస్త్రానికి కాదు.

ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి హైదరాబాదు దాటి పోనక్కరలేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నగరంలోని ఆరోగ్యవంతులుగా కనిపించే వయోజనులను పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఫోలేట్ లోపం సుమారు 12 శాతం మందిలో ఉండగా బి12 లోపం సుమారు 35 శాతం మందిలో ఉన్నది. అది వృద్ధులలో కంటే చిన్న వయసు వారిలోనే ఎక్కువగా ఉండటం గమనార్హం. దిల్‌సుఖ్‌నగర్ వసతి గృహాలలో చారు, పలుచని మజ్జిగ, చెంచాడు పాలు కలిపిన టీతో రోజులు గడిపే కోచింగ్ విద్యార్థుల సంగతి ఊహించవచ్చు. ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2017లో భారతీయుల రక్తంలో బి12 స్థాయితో సంబంధమున్న మార్పులను ఎఫ్.యు.టి.6 అనే జన్యువులో గుర్తించారు. అంటే జన్యువు గురించి మాట్లాడదలచినా ఇక్కడ చర్చ బి12 వైపే నడుస్తున్నది.

మిథైల్‌ఫోలేట్ మాత్రతో ఉన్న చిక్కు కూడా ఇదే. బి12 లేనప్పుడు మిథైల్‌ఫోలేట్ ముందుకు పోలేక ఆ రూపంలోనే చిక్కుకుపోతుంది. దానినే ఎక్కువ ధర పెట్టి కొని మింగితే నిల్వ పెరుగుతుంది గాని పని జరగదు. మామూలు ఫోలిక్ ఆమ్లం అధిక మోతాదులో వాడితే రక్తహీనత లక్షణాలు తగ్గి, బి12 లోపం కప్పబడి, నరాలు దెబ్బతినడం లోలోపల సాగిపోయే ప్రమాదమున్నది. పుణె సమీప గ్రామాలలో జరిగిన మాతృ పోషణ అధ్యయనంలో, గర్భిణిగా ఉన్నప్పుడు ఫోలేట్ ఎక్కువగా, బి12 తక్కువగా ఉన్న తల్లుల పిల్లలకు ఆరేళ్ల వయసులో ఇన్సులిన్ నిరోధకత అధికంగా ఉన్నట్లు 2008లో వెల్లడైంది. గర్భిణులకు ఉచితంగా ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి, బి12 ఉండదు. ఆ మాత్ర మానమని చెప్పడం ఘోరమైన తప్పవుతుంది. దానికి బి12 జోడించే విషయం ప్రభుత్వం ఆలోచించవలసి ఉన్నదనడంలో మాత్రం సందేహం లేదు.

బి12 ఎక్కడ నుండి వస్తుందో వ్యవసాయ విద్యార్థికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. మొక్కలు దానిని తయారు చేయవు. నెమరువేసే పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు తయారు చేస్తాయి. అందుకు వాటికి కోబాల్ట్ కావాలి, అది నేల నుండి మేత ద్వారా రావాలి. పశువులకిచ్చే ఖనిజ లవణ మిశ్రమంలో కోబాల్ట్ చేర్చేది ఇందుకే. (పప్పుధాన్యాల వేరు బుడిపెలలోని రైజోబియంకు కూడా కోబాల్ట్ అవసరమే కావడం ఒక చక్కని పోలిక.) స్పైరులినాలో బి12 పుష్కలమన్న ప్రకటనలను నమ్మరాదు, అందులో ఉన్నది అధికంగా మానవ శరీరానికి ఉపయోగపడని నకిలీ రూపం.

లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. పెద్దవారికి రోజుకు 2.2 మైక్రోగ్రాముల బి12 కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు. 100 మిల్లీలీటర్ల పాలలో సుమారు 0.4, ఒక గుడ్డులో సుమారు 0.5 మైక్రోగ్రాములు ఉంటాయి. ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణికి ఇచ్చే 200 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు కలిపి 1.3 దాకా వస్తాయి. పాలు కాచడంలో కొంత పోతుంది. అనగా ఒక్క పూటతోనే సగం అవసరం తీరుతున్నది. గుడ్డు ముట్టని ఇంట్లో అరలీటరు పాలు, పెరుగు లేనిదే ఈ లెక్క కుదరదు. అంత కొనలేని, లేదా జీర్ణించుకోలేని శాకాహారికి బి12 మాత్ర తగినదే.

ఫోలేట్ విషయంలో తెలుగు వంటకు మేలైన అలవాటొకటి ఉన్నది. ఫోలేట్ నీటిలో కరుగుతుంది, వేడికి నశిస్తుంది. ఆకుకూర ఉడికించి నీరు వార్చేస్తే చాలా భాగం మోరీ పాలవుతుంది. తోటకూరనో పాలకూరనో కందిపప్పులో వేసి వండే ఆకుకూర పప్పులో ఆ నీరు పళ్లెంలోకే వస్తుంది. సరూర్‌నగర్ రైతుబజారు నుండి తెచ్చిన కట్టను కోసిన తరువాత గాక ముందే కడగడం, ఆ పూటే వండటం, ఇంతకు మించి గృహిణికి చెప్పవలసినది లేదు.

వ్యక్తిగత పోషణ అన్న మాటను వ్యాపారులకు వదిలివేయనవసరం లేదు. ఆమె శాకాహారియా, మధుమేహానికి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నదా, ఎసిడిటీ మాత్రలు రోజూ మింగుతున్నదా, గర్భం దాల్చనున్నదా, అరికాళ్లలో తిమ్మిర్లున్నాయా? మెట్‌ఫార్మిన్, ఎసిడిటీ మాత్రలు రెండూ బి12 గ్రహింపును తగ్గిస్తాయి. ఈ ప్రశ్నలకు జవాబులు, అవసరమైతే వైద్యుని సలహాతో బి12, హోమోసిస్టీన్ రక్తపరీక్షలు, లాలాజలం నివేదిక కంటే ఎక్కువ చెబుతాయి. హోమోసిస్టీన్ మరీ అధికంగా ఉండి బి12, ఫోలేట్ సరిపడా ఉన్నవారికి జన్యు పరీక్ష అర్థవంతమే. కాని అటువంటివారు కొద్దిమందే.

విశ్వవిద్యాలయం చేయగల పని మరొకటి మిగిలే ఉన్నది. పాడి పోయి ప్యాకెట్టు వచ్చిన తుర్కయంజాల్ వంటి శివారులో ఇంటింటి పాల, గుడ్ల వాడకాన్ని రక్తంలోని బి12తో కలిపి కొలవడానికి సైఫాబాద్ కళాశాల విద్యార్థులకు రెండు సీజన్లు చాలు. ఆ సర్వేలో మెట్‌ఫార్మిన్ వాడకానికి, పశువుల ఖనిజ మిశ్రమానికి చెరొక గడి ఉండాలి.