కంటి చూపు సాక్ష్యం చెబుతుందా?

పిల్లల మీద అఘాయిత్యం జరిగిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ సంఘాల్లో ఒక మాట వినబడుతుంది: ఇలాంటివాళ్లను ముందుగానే పట్టిచ్చే పరీక్ష ఏదీ లేదా? మలికిపురం, రాజోలు వైపు తల్లి గల్ఫ్‌కు పనికి వెళితే పిల్లలు అమ్మమ్మ దగ్గరో, హాస్టల్లోనో పెరిగే ఇళ్లున్నాయి. వాళ్లకు ఇది ఊరికే వచ్చే సందేహం కాదు.

పరీక్షలు ఉన్నాయి. అమెరికాలో మనోవైద్యుడు జీన్ ఏబెల్ రూపొందించిన దానిలో వేర్వేరు వయసుల వారి బొమ్మలు, బట్టలు వేసుకున్నవే, కంప్యూటర్ తెర మీద చూపిస్తారు. ఒక్కో బొమ్మ దగ్గర చూపు ఎంతసేపు ఆగిందో యంత్రం లెక్కగడుతుంది. ఇంకో రకంలో బొమ్మలు రెప్పపాటులో ఒకదాని వెంట ఒకటి పోతాయి. మనసును లాగే బొమ్మ వస్తే దాని తర్వాత వచ్చింది గుర్తుండదు. సంక్రాంతి బరి దగ్గర కోళ్ల మీదే కళ్లు పెట్టినవాడి జేబు కత్తిరించినా తెలియదు కదా, ఇదీ అంతే.

శిక్షపడిన వారికి చికిత్స చేసే నిపుణులకు ఇవి కొంత ఉపయోగపడతాయి. నేరం తేల్చడానికి మాత్రం పనికిరావు. పిల్లలను చెరిచిన వారందరికీ పిల్లల మీదే మోజు ఉండదు. అవకాశం, అధికారం, అడిగేవారు లేకపోవడం చూసుకుని చేసేవారు చాలామంది. అలాంటివాడు పరీక్షలో శుభ్రంగా బయటపడతాడు. అమెరికాలో ఒక నిందితుడు ఏబెల్ పరీక్ష ఫలితాన్ని తన నిర్దోషిత్వానికి రుజువుగా చూపబోతే, 2003లో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు దాన్ని తోసిపుచ్చడమే సరైనదంది.

మన దేశంలోనూ ఈ ఆశ ఉండేది. తెలిసిన విషయం ఎదురైనప్పుడు మెదడు ఉలిక్కిపడే తీరును తలకు తీగలు పెట్టి కొలిచే పరీక్ష, నార్కో, లై డిటెక్టర్ అన్నీ పోలీసులు వాడారు. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు వీటిలో దేన్నీ బలవంతంగా చేయకూడదంది. ఇష్టపడి చేయించుకున్నా ఆ ఫలితమే సాక్ష్యం కాదంది.

యంత్రం సంగతి అలా ఉంచి, తొందరపాటు ఏం చేస్తుందో మనవాళ్లకు తెలుసు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థినిని చంపిన కేసులో ఒక దళిత యువకుడికి 2010లో కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషి అంది. దాదాపు ఎనిమిదిన్నరేళ్లు జైల్లో గడిపి రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచి బయటికొచ్చాడు. ఆ అమ్మాయి తల్లిదండ్రులు మొదటినుంచీ అసలు దోషి అతను కాదనే చెబుతూ వచ్చారు. రెండు ఇళ్లకూ న్యాయం జరగలేదు.

చూపులోనే పాపం మొదలవుతుందని ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. అది ఎవరికి వారు మనసును పరీక్షించుకోవడానికి చెప్పిన మాట. ఇంకొకరి చూపును కొలిచి జైలుకు పంపడానికి కాదు. కోర్టుకు కావలసింది చేసిన పని, దానికి సాక్ష్యం.

ఆ సాక్ష్యం చాలాసార్లు బిడ్డ నోటి నుంచే రావాలి. మనం జారిపోయేదీ ఇక్కడే అని మా అభిప్రాయం. సండే స్కూల్లోనో హాస్టల్లోనో ఏదైనా జరిగిందంటే ముందు పెద్దలు కూర్చుంటారు, సంఘం పరువు అంటారు, ఆ మనిషిని వేరే ఊరికి పంపేస్తారు. ఆ ఊళ్లో పిల్లలు ఉండరా? 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు, జరిమానా. పాస్టరు గారికైనా, హాస్టల్ నడిపేవారికైనా మినహాయింపు లేదు.

పోలీస్ స్టేషన్ అంటే భయపడే అమ్మమ్మలకు ఒక సంగతి చెప్పాలి. బిడ్డ వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు, వీలైనంతవరకు మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో రాకూడదు. పేరు బయటపెట్టకూడదు. ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే 1098కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోను చేయవచ్చు. ఈ నంబరు సండే స్కూలు గోడ మీద పిల్లలకు అందే ఎత్తులో రాయించమని సంఘ పెద్దలను కోరుతున్నాము.