రాజధానిలో జపాన్ భోజనం: అసలు రుచికి అడుగడుగునా అడ్డంకులు

న్యూఢిల్లీ: మారుతి ఉద్యోగ్ సంస్థకు జపాన్‌లోని సుజుకి కంపెనీతో 1982 అక్టోబరులో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 14న గుర్‌గావ్ కర్మాగారం నుంచి తొలి కారు బయటకు వచ్చింది. అధికారి, కార్మికుడు ఒకే రకం దుస్తులు ధరించి ఒకే క్యాంటీనులో భోంచేసే సంప్రదాయం కూడా ఆ కారుతో పాటే జపాన్ నుంచి ఇక్కడికి వచ్చింది. క్యాంటీను పద్ధతి వచ్చినంత సులభంగా జపాన్ వంట మాత్రం రాలేదు. నాలుగు దశాబ్దాలు గడిచినా, అసలైన జపాన్ భోజనం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న దేశ రాజధాని ప్రాంతానికి ఉద్యోగరీత్యా వచ్చే ప్రతి జపానీయునికీ మొదటి వారంలోనే ఎదురవుతున్నది.

ఇది కేవలం నాలుకకు సంబంధించిన విషయమని కొట్టిపారేయటానికి వీలులేదు. భారత్‌లో సుమారు 1,400 జపాన్ కంపెనీలు పనిచేస్తున్నాయి. వాటిలో పెద్ద భాగం ఢిల్లీ, గుర్‌గావ్ (2016 నుంచి గురుగ్రామ్), మానేసర్ ప్రాంతాల్లోనే కేంద్రీకృతమై వున్నది. ఢిల్లీ మెట్రో రైలుకు జపాన్ రుణసాయం 1997 నుంచి అందుతున్నది. రాజస్థాన్‌లోని నీమ్రానాలో జపాన్ కంపెనీల కోసం ప్రత్యేక పారిశ్రామికవాడ ఏర్పాటుకు 2006లో ఒప్పందం జరిగింది. గ్రేటర్ నోయిడాలో హోండా కార్ల ఉత్పత్తి 2020లో నిలిచి రాజస్థాన్‌లోని తపూకరాకు తరలిపోయింది. కర్మాగారాలు ఎక్కడికి కదిలితే ఇంజనీర్లు అక్కడికి వెళ్లక తప్పదు. అయితే ఆ ఇంజనీరు కుటుంబాన్ని వెంట తెచ్చుకోవటమా, ఒంటరిగా వచ్చి గడువు పూర్తికాగానే వెనుదిరగటమా అన్నది నిర్ణయించే అంశాల్లో బడి, ఆస్పత్రి తర్వాతి స్థానం భోజనానిదే.

బోర్డు కాదు, బల్లలు చూడాలి

ఢిల్లీలో ఉద్యోగంలో చేరిన తెలుగువాడు ఆంధ్రా భవన్ క్యాంటీను ఎక్కడున్నదని వాకబు చేసినట్లే, జపానీయుడూ తోటివారిని అడిగి తెలుసుకుంటాడు. ఒకప్పుడు ఈ ప్రశ్నకు సమాధానాలు బహుకొద్ది. నిక్కో పేరుతో ఆరంభమై తర్వాత మెట్రోపాలిటన్‌గా మారిన హోటల్‌లోని ‘సకురా’ ఏళ్ల తరబడి వారికి ఆధారంగా నిలిచింది. ఆ తర్వాత 2008లో తాజ్ మహల్ హోటల్‌లో ‘వసాబి’, 2012లో లీలా ప్యాలెస్‌లో ‘మెగు’ వచ్చాయి. అయితే ఇవి విందులకూ, వాణిజ్య చర్చలకూ తగినవే తప్ప నెల జీతగాడు ప్రతి సాయంత్రం వెళ్లి కూర్చోదగినవి కావు. ఆ లోటును గురుగ్రామ్‌లోని చిన్న ఇజకాయాలు కొంతవరకు తీర్చాయి. బొగ్గులపై కాల్చిన కోడి ముక్కలు, ఒక గ్లాసు బీరు, పని ఒత్తిడి మరచి మాట్లాడుకోవటానికి ఒక మూల: ఇజకాయా అంటే ఇంతే. ‘కురాకు’ వంటి జపాన్ సంస్థలే నేరుగా ఇక్కడ శాఖలు తెరిచాయి.

అసలైనదేదో గుర్తించటానికి జపానీయులు బోర్డును చూడరు. మధ్యాహ్నం బల్లల వద్ద ఎవరు కూర్చున్నారో చూస్తారు. అన్నం, మిసో సూపు, వేయించిన లేదా కాల్చిన చేప, ఊరగాయ ముక్కలతో కూడిన ‘తెయిషోకు’ భోజనం వున్నదా అని అడుగుతారు. సుషి ఒక్కటే జపాన్ ఆహారమన్న అపోహ మన నగరాల్లో బలంగా వున్నది గానీ, టోక్యో ఉద్యోగి రోజువారీ భోజనంలో సుషి పాలు స్వల్పమే. మరొక సంగతి. టోక్యోలో సుషి అమ్మే దుకాణం సుషి మాత్రమే అమ్ముతుంది; నూడుల్స్ వండేవాడు నూడుల్స్‌కే జీవితం అంకితం చేస్తాడు. అన్నీ ఒకేచోట దొరికే హోటల్‌ను అక్కడివారు కాస్త అనుమానంగానే చూస్తారు. ఇక్కడ మాత్రం సుషి, రామెన్, టెంపురా, కూర అన్నీ ఒకే కప్పు కింద పెట్టకపోతే యజమానికి గిట్టదు. ఆ మేరకు, అసలైనదని పేరుపొందిన హోటల్ కూడా మొదటి మెట్టులోనే రాజీపడినట్లే.

అన్నంతోనే చిక్కు

చిక్కు మొదలయ్యేది చేపతో కాదు, అన్నంతో. జపాన్ బియ్యం పొట్టిగా, గుండ్రంగా వుంటుంది. ఉడికితే గింజకు గింజ అంటుకుంటుంది. పుల్లలతో తినటానికీ, సుషి ముద్ద కట్టటానికీ ఆ జిగురే ఆధారం. మనకు కావలసింది ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. గింజ విడివడని అన్నాన్ని తెలుగింటి ఇల్లాలు ముద్దయిందని పక్కన పెడుతుంది. భారత్‌లో బియ్యం దిగుమతి చాలా కాలంగా ప్రభుత్వ వాణిజ్య సంస్థల ద్వారా జరగవలసిన వ్యవహారం. సుంకం 70 నుంచి 80 శాతం. 2011 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన భారత్-జపాన్ ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం సైతం బియ్యం జోలికి పోలేదు. తమ రైతును కాపాడుకోవటంలో ఉభయ ప్రభుత్వాలదీ ఒకే వైఖరి. ఫలితంగా గురుగ్రామ్ వంటమనిషి ప్రత్యామ్నాయాలతో కాలక్షేపం చేయవలసి వస్తున్నది.

విచిత్రమేమంటే, ఆ పొట్టి గింజ జాతికీ తెలుగువారి కంచానికీ దూరపు చుట్టరికం వున్నది. జపాన్ పాలనలో వున్న తైవాన్‌లో రూపొందిన జపోనికా రకం ‘తైచుంగ్-65’. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 1950 దశకంలో కటక్ పరిశోధనా కేంద్రంలో సాగిన సంకరీకరణ పథకంలో దీనిని మలేసియా రకంతో కలిపారు. ఆ సంతతి నుంచి పుట్టినదే మసూరి. ఆ మసూరి రక్తం మార్టేరు స్వర్ణలోనూ, 1986లో బాపట్ల నుంచి వెలువడిన సాంబ మసూరి (బీపీటీ 5204)లోనూ ప్రవహిస్తున్నది. తెలుగువారు సన్నబియ్యమని మురిసిపోయే రకానికి ముత్తాత జపాన్ తరహా వరి కావటం విశేషం. అంటుకునే గుణం మాత్రం వారసత్వంగా రాలేదు.

మాంసం విషయం మరింత సున్నితం. ఢిల్లీలో 1994 నాటి చట్టం, హర్యానాలో 2015 నాటి చట్టం గోవధను నిషేధించాయి. అన్నంపై పశుమాంసం పరిచే ‘గ్యూదోన్’, శీతాకాలపు విందు ‘సుకియాకి’ ఇక్కడ యథాతథంగా వడ్డించటం కుదరదు. జపాన్‌లో విరివిగా శాఖలున్న కూర-అన్నం సంస్థ ‘కోకో ఇచిబన్యా’ 2020 ఆగస్టులో గురుగ్రామ్‌లో తొలి శాఖ తెరిచినప్పుడు పశుమాంసం లేని వంటకాలతోనే అడుగుపెట్టింది. దీనిని కల్తీ అని నిందించేవారు చరిత్రను కాస్త తిరగేయాలి. క్రీ.శ. 675లో తెన్ము చక్రవర్తి శాసనం మొదలు, శతాబ్దాల పాటు జపాన్‌లో పశుమాంస భక్షణకు ఆదరణ లేదు. 1872లో మెయిజీ చక్రవర్తి స్వయంగా తిన్నట్లు లోకానికి వెల్లడించిన తర్వాతే అది గౌరవనీయమైంది. నూటయాభై ఏళ్ల అలవాటును సనాతనమనటం సాహసమే.

అసలైన సంకటం శాకాహారులకు. మిసో సూపు చూడటానికి నిరపాయంగా కనిపిస్తుంది. దాని ప్రాణం ‘దాషి’ అనే చారులో వున్నది. ఆ చారు ఎండబెట్టి, పొగబెట్టిన ట్యూనా జాతి చేప తురుముతో కాచేది. మన లక్షద్వీప్‌లోని మినికాయ్ దీవిలో అదే జాతి చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి ‘మాస్’ అనే పేరుతో తరతరాలుగా తయారు చేస్తున్నారన్నది వేరే ముచ్చట. సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులతో కాచే శాకాహార దాషి జపాన్ బౌద్ధారామాల్లో ప్రాచీన కాలం నుంచీ వున్నదే. దానిని శ్రద్ధగా కాచే హోటల్ వండినదే, పన్నీరు చుట్టిన సుషి కన్నా నిక్కమైన జపాన్ వంట.

ఎవరు ఇవ్వాలి యోగ్యతాపత్రం?

ఈ ప్రశ్న జపాన్ ప్రభుత్వాన్ని కూడా ఒకసారి నవ్వులపాలు చేసింది. 2006లో నాటి వ్యవసాయ మంత్రి తోషికత్సు మత్సువోకా అమెరికాలోని కొలరాడోలో జపాన్ పేరుతో నడుస్తున్న ఒక హోటల్‌కు వెళ్లారు. అక్కడ సుషి పక్కనే కొరియా తరహా కాల్చిన మాంసం కనిపించింది. విదేశాల్లోని జపాన్ హోటళ్లను తనిఖీ చేసి ధ్రువపత్రాలు ఇస్తామని ఆయన మంత్రిత్వశాఖ ప్రకటించగానే, ‘సుషి పోలీసులు’ వస్తున్నారంటూ పత్రికలు ఎద్దేవా చేశాయి. 2007 నాటికి ఆ యోచన నీరుగారి, సిఫార్సుల స్థాయికి దిగింది. 2013లో జపాన్ సంప్రదాయ ఆహారం ‘వాషోకు’కు యునెస్కో గుర్తింపు లభించింది. 2016 నుంచి హోటల్‌కు కాక విదేశీ వంటవాని నైపుణ్యానికి స్వర్ణ, రజత, కాంస్య శ్రేణుల గుర్తింపు ఇస్తున్నారు. ఇది వివేకవంతమైన మార్పు. విదేశాల్లో జపాన్ హోటళ్లు 2006లో దాదాపు 24,000 కాగా, 2023 నాటికి 1,87,000కు చేరినట్లు ఆ మంత్రిత్వశాఖ అంచనా. ఇన్నింటి మీద పోలీసు పహరా ఎవరి తరం?

అసలు రుచి కోసం ఆరాటపడటం ఒక్క జపాన్ వారి గుణమే కాదు. 1912 డిసెంబరు 23న ఇదే ఢిల్లీ నగరంలో, చాందినీ చౌక్‌లో వైస్రాయ్ హార్డింజ్‌పై బాంబు దాడికి సూత్రధారి అయిన రాస్ బిహారీ బోస్ 1915లో జపాన్ చేరారు. షింజుకులోని నకమురయా దుకాణం యజమానులు ఆయనకు ఆశ్రయమిచ్చారు. వారి కుమార్తెనే ఆయన వివాహమాడారు. ఇంగ్లండ్ మీదుగా జపాన్ చేరిన చిక్కని పిండి కూర భారతీయ వంట కాదని ఆయన అభిప్రాయం. 1927లో నకమురయాలో అసలైన భారతీయ కూర వడ్డన ఆయన చొరవతోనే మొదలైంది. టోక్యోలో భారతీయుడు చేసిన వాదననే నేడు గురుగ్రామ్‌లో జపానీయుడు చేస్తున్నాడు.

గిట్టుబాటు ఎవరితో?

వ్యాపార దృష్టితో చూస్తే అసలు రుచికి ప్రధాన శత్రువు ఖాతాదారు బదిలీయే. జపాన్ ఉద్యోగి మూడేళ్లో, ఐదేళ్లో వుండి వెళ్లిపోతాడు. అతడొక్కడినే నమ్ముకున్న హోటల్ 2020లో ఏమైందో అందరూ చూశారు. కోవిడ్ భయంతో కుటుంబాలు ప్రత్యేక విమానాల్లో స్వదేశానికి తరలిపోగా, భోజనశాలలు బోసిపోయాయి. స్థానికులను ఆకర్షించగలిగినవి డబ్బా భోజనాలతో తట్టుకున్నాయి. నాటి నుంచి బేరం స్థానిక యువతీయువకుల వైపు మొగ్గింది. హుమాయూన్‌పూర్ వంటి ఇరుకు వీధుల్లోనూ రామెన్ దొరుకుతున్నది. వండే చేతులు తరచుగా ఈశాన్య రాష్ట్రాలవో, నేపాల్‌వో. ఆ చేతులను తక్కువ చేసి చూడటం తగదు. సారా, కారం మాత్రం స్థానికుల అభిరుచి మేరకు మారుతున్నాయి. దిగుమతి మద్యంపై 150 శాతం కస్టమ్స్ సుంకం వున్నంత కాలం, సాకె సీసా సామాన్య ఉద్యోగి బల్లమీదకు రావటం కష్టం.

ఇక చేప. సముద్రానికి ఎంతో దూరాన వున్న ఢిల్లీకి పచ్చిగా తినదగిన చేప విమానంలోనే రావాలి. విశాఖ తీరంలో జాలర్లు సూర అని పిలిచే పసుపు రెక్కల ట్యూనా టోక్యో విపణిలో మంచి ధర పలికే జాతే. గేలానికి చిక్కిన చేప పెనుగులాడేకొద్దీ దాని ఒళ్లు వేడెక్కి మాంసం పాలిపోతుంది. పట్టిన నిమిషాల్లో రక్తం తీసి, మొప్పలు, పేగులు తొలగించి, మంచునీటిలో ముంచితేనే అది పచ్చిగా తినటానికి పనికివస్తుంది. అందుకు పడవలో చోటు కావాలి, సరిపడా ఐసు కావాలి, రెండు మూడు రోజుల వేట ముగియకుండానే ఒడ్డుకు చేరే ఏర్పాటు కావాలి. చిన్న తెప్పలు, ఫైబర్ పడవలపై వెళ్లేవారికి ఈ మూడూ కరువే. రొయ్యల విషయంలో ఆంధ్ర రైతు జపాన్ కట్టుబాట్ల రుచి చూశాడు. 2012లో ఎథాక్సిక్విన్ అవశేషాల పరిమితిని ఆ దేశం 0.01 పీపీఎంగా బిగించి, 2014లో 0.2కు సడలించేదాకా ఎగుమతులు ఒడిదుడుకులకు లోనయ్యాయి. సూర చేపకు అలాంటి పరీక్ష పెట్టే అవకాశం కూడా ఇంకా సరిగా రాలేదు. గురుగ్రామ్ హోటల్ విదేశీ చేపకు విమాన ఛార్జీ చెల్లిస్తుండగా, విశాఖ హార్బరులో దించిన సూర కూరకు సరిపడే ధరకు అమ్ముడై, ఐసు పొరల మధ్య కేరళ వెళ్లే లారీ ఎక్కుతున్నది.