మగ్గానికి చాలని గాలి కుంటకు చాలు

భివండిలోని గైబీ నగర్ సందుల్లో మరమగ్గం కరెంటు ఉన్నంతసేపే ఆడుతుంది. నేత మధ్యలో మగ్గం ఆగి మళ్లీ మొదలైతే, ఆగిన చోట గుడ్డకు అడ్డంగా గీత పడుతుంది. గీత పడిన తాను మంచి ధర పలకదు. ఎప్పుడు వీస్తుందో ఎప్పుడు పడుతుందో తెలియని గాలిని నమ్ముకుని మగ్గం నడపలేం. నీటి సంగతి అలా కాదు. రాత్రి తోడినా, రెండు రోజులు ఆగి తోడినా అది నీరే, తడిసిన నేల దాన్ని కొన్నాళ్లు దాచుకుంటుంది. ఆగి ఆగి వచ్చే బలాన్ని వాడుకోగల పనులు లోకంలో కొన్నే ఉన్నాయి, వాటిలో నీరు తోడటం మొదటిది. భివండి మగ్గాల మీద తరాలుగా పనిచేస్తున్న తెలుగువారిలో చాలామంది తెలంగాణ మెట్ట ప్రాంతాల నుంచి వచ్చినవారు. అందరినీ కరువే తరమలేదు, చేనేత దెబ్బతిని వచ్చినవారూ ఎందరో. కానీ ఊళ్లో మిగిలిన రెండెకరాలు ఒక్క తడికి నోచుకుంటే ఇల్లు కదలని కుటుంబాలు మెట్ట సీమల్లో ఇప్పటికీ ఉన్నాయి. నీరు తోడే గాలిమర గురించి మాట్లాడాల్సింది ఆ ఒక్క తడి కోసమే.

గాలితో నీరు తోడుకోవచ్చన్న మాట అనంతపురం సీమలో సరిగ్గా అతుకుతుంది. అక్కడ ఏడాదికి కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లు. నైరుతి రుతుపవనం వచ్చేసరికి పడమటి కనుమలు వానను చాలావరకు దించేసుకుంటాయి, ఈ సీమకు మిగిలేది గాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అది హోరుమని వీస్తుంది. ఆ బలం చూసే 1990లలో రామగిరి కొండల మీద కరెంటు తీసే పెద్ద గాలిమరలు నిలబెట్టారు. సరిగ్గా ఆ నెలల్లోనే వేరుశనగ ఊడలు దిగుతుంది, కాయ ఊరుతుంది, బెట్ట కూడా అప్పుడే వస్తుంది. గాలి నిండుగా ఉండే కాలమూ చేను నీటికి అల్లాడే కాలమూ ఒకటే కావడం ఏ యంత్రానికైనా అరుదుగా దొరికే అదృష్టం. ఆ గాలిమరల కింద చేను ఎండుతుంటే, ఆ గాలి తీసిన కరెంటు తీగల వెంట ఎక్కడికో పోతోంది.

అయితే గాలిమర ఎంత తోడుతుందో లెక్క వేసుకోకుండా ఆశ పెట్టుకోకూడదు. అయిదు మీటర్ల వ్యాసం ఉన్న చక్రం, సెకనుకు నాలుగు మీటర్ల గాలి అనుకుందాం. చక్రాన్ని దాటిపోయే గాలి బలం సుమారు ఒక హార్స్‌పవర్, అంటే దాదాపు ఒక మరమగ్గం మోటారంత. అందులో నీటికి చేరేది పన్నెండో వంతు. దానితో ఆరు మీటర్ల లోతు నుంచి గంటకు 3,600 లీటర్లు పైకి వస్తాయి. ఎకరానికి పది మిల్లీమీటర్ల తడి అంటే 40,000 లీటర్లు, అంటే పదకొండు గంటల గాలి. అదే నీటిని అరవై మీటర్ల బోరు నుంచి తోడాలంటే పదో వంతే వస్తుంది. గాలి వేగం సగానికి పడితే బలం ఎనిమిదో వంతుకు దిగుతుంది. కాబట్టి వందల అడుగుల బోరుకు గాలిమర కట్టడం వృథా. దానికి తగినవి పాత బావి, చెక్‌డ్యాం మడుగు, సేద్యపు కుంట.

ఇది కొత్త ఊహ కాదు. గ్రీసులోని క్రీట్ దీవిలో లాసితి పీఠభూమి రైతులు తెరచాప గుడ్డ కట్టిన గాలిమరలను వేల సంఖ్యలో నిలిపి, చిన్న చిన్న కమతాలకు నీరు పెట్టుకున్నారు. వారి బావుల్లో నీరు పైనే ఉండేది. మన దగ్గర ఆ పైనీటిని కుంటల రూపంలో కొత్తగా తయారు చేసుకున్నాం. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనంతపురంలో ఎండుతున్న వేరుశనగను, నీటిని వానలా చిమ్మే రెయిన్ గన్లతో కాపాడటానికి దిగింది, పంట సంజీవని పేరిట కుంటలు తవ్వించింది. ఒక్క తడి విలువను ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. కానీ రెయిన్ గన్‌కు ఒత్తిడి కావాలి, ఒత్తిడికి ఇంజను, ఇంజనుకు డీజిలు కావాలి. చేను వాడిపోయే వారంలో చేతిలో డబ్బు లేని రైతుకు కుంటలో నీరు కంటికి కనిపిస్తుందే తప్ప మొక్కకు అందదు.

ఉచిత కరెంటు ఉండగా ఇదంతా ఎందుకని అడగవచ్చు. ఉచిత కరెంటు బోరు ఉన్నవాడి దగ్గరికే వస్తుంది. బోరు వేయలేనివాడికి, వేసి అప్పుల్లో మునిగినవాడికి అందులో దక్కేది ఏమీ లేదు. సౌర పంపు మేలు కదా అనే అభ్యంతరం ఇంతకంటే బలమైనది. 2019 నుంచి కేంద్ర పథకం పీఎం కుసుమ్ కింద దానికి రాయితీ కూడా ఉంది. చాలా ఊళ్లలో అదే సరైనది, ఒప్పుకోవాలి. గాలి అంతగా లేని కోస్తా పల్లెలో గాలిమర నిలబెట్టమనడం రైతుకు ద్రోహం. కానీ మబ్బు కమ్మి వాన పడని శ్రావణంలో, రాత్రంతా గాలి కొట్టే గట్టు మీద, ఊరి లేత్ షాపులోనే బాగుచేయగల యంత్రానికి చోటుంది.

అసలు కష్టం మరొకచోట ఉంది. 1980లలో ప్రభుత్వ రాయితీతో పన్నెండు రెక్కల గాలిమరలను దేశంలో వేల సంఖ్యలో పంచారు. వాటిలో చాలా మూలపడ్డాయి. అవన్నీ గాలి లేక ఆగినవి కావు. పంపు గొట్టంలో తోలు వాషర్ ఒకటి ఉంటుంది. అది అరిగితే చక్రం తిరుగుతూనే ఉంటుంది, కడ్డీ పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది, నీరు మాత్రం సందులోంచి జారి బావిలోకే పోతుంది. చిన్న తోలు ముక్క మార్చే మనిషి మండలంలో లేకపోతే అంత ఇనుమూ దండగే. గైబీ నగర్‌లో మగ్గం చెడితే బాగుచేసే చేతులు అక్కడే దొరుకుతాయి, ఆ పరిశ్రమ నిలిచిందే ఆ చేతుల మీద. గాలిమర దగ్గర మనం ఆ చేతులను తయారు చేయలేదు. రాయితీలో ఒక వాటాను రెక్కలకు కాక, రెండు మూడు ఊళ్లకు కలిపి ఒక మెకానిక్‌కు అయిదేళ్ల జీతంగా పెట్టాలి. స్తంభం నాటేముందు ఆ గట్టున ఒక వానాకాలమంతా గాలి కొలవాలి. సెకనుకు లీటరు చొప్పున వచ్చే సన్నధార కాలువలో పారితే దారి మట్టే తాగేస్తుంది కనుక, గట్టు మీద తొట్టి, చేనులో డ్రిప్ పైపు కూడా అదే ఖర్చులో రావాలి.

పది మీటర్ల పొడవు, అంతే వెడల్పు, రెండు మీటర్ల లోతు ఉన్న కుంట నిండితే రెండు లక్షల లీటర్లు. ఇంకిందీ ఆవిరైందీ పోగా మూడెకరాలకు ఒక తడి వస్తుంది. అది ఊడలు దిగే వారంలో అందాలి.