స్టడీ హాల్ బిడ్డలకు



మొన్న చైతన్యపురిలో ఒక స్టడీ హాలు మెట్లెక్కాను. ప్లైవుడ్ చెక్కలతో కట్టిన గళ్లు, గడికో నంబరు, ఒక లైటు, ఒక ప్లగ్గు. ఏసీ ఉంటే ఒక రేటు, ఫ్యానైతే ఒక రేటు. లోపల తినకూడదట. మెట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకున్న అమ్మాయి ఒళ్లో తెలుగు అకాడమీ పుస్తకం ఉంది. ఊరు దేవరకొండ వైపు, నాన్న కౌలు రైతు. హాస్టలు, కోచింగు చాలవన్నట్టు, కూర్చుని చదువుకునే చోటుకి కూడా నెలనెలా అద్దె కడుతోంది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా వేలమంది మీరు ఇలాగే బతుకుతున్నారు. పరీక్ష అందరికీ ఒకటే అంటారు. నేను ఒప్పుకోను. గ్రూప్-1నే చూడండి. 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెడితే దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్. సొంతిల్లు ఉన్నవాడికి అది ఆలస్యమే. గది అద్దెకు, గడి అద్దెకు ఇంటినుంచి డబ్బు తెప్పించుకునేవాడికి అది అప్పు. సగంలో ఊరికి తిరిగిపోయినవాళ్లను ఏ కటాఫ్ లెక్కపెట్టింది?

చోటు లేనివాళ్లకు చోటు చూపించడం మనకు కొత్త కాదు. 1901లో, ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం మొదలైంది. సర్కారు చదువులో చోటు దొరకని తెలుగుకు మనవాళ్లు తామే చోటు చూపించారు. అది ఇప్పటికీ సుల్తాన్ బజార్‌లో ఉంది, మీకు మెట్రోలో ఎంతో దూరం కాదు. వెళ్లి చూడండి.

కాలేజీల్లో లాగా లైబ్రరీలో మార్కుల్ని బట్టి సెక్షన్లుండవు. పిల్లల్ని అలా విడగొట్టి కూర్చోబెట్టే పద్ధతి వీలైనంతవరకు కూడదని 2025 జులైలో సుప్రీంకోర్టే చెప్పింది. విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో వచ్చిన తీర్పు అది. మీ తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఈ మాట తెలియాలి.

సర్కారును నేనడిగేది పెద్ద కోరికేం కాదు. సాయంత్రం బడి వదలగానే ప్రభుత్వ పాఠశాలల గేట్లకు తాళాలు పడతాయి. ఆ గదుల్లో బెంచీలున్నాయి, ఫ్యాన్లున్నాయి. రాత్రి పదింటిదాకా ఒక కాపలా మనిషిని పెట్టి తెరిస్తే చాలు. డబ్బెక్కడిదంటారా? గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు వసూలవుతోంది. మీరు కట్టే అద్దెలో అదీ ఉంది. అది మీ సొమ్ము.

కాబట్టి ముందు లెక్క అడుగుదాం. మన మున్సిపల్ సర్కిల్‌లో గత మూడేళ్లలో ఎంత సెస్సు వసూలైంది, గ్రంథాలయ సంస్థకు ఎంత జమ చేశారు, దాంతో మన వైపు ఎన్ని కుర్చీలు వేశారు? సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజు పది రూపాయలే. చిత్తుప్రతి రాసి పెట్టాను. ఆదివారం పొద్దున సరూర్‌నగర్ స్టేడియం గేటు దగ్గరికి రండి, తప్పులుంటే దిద్ది, మీ సంతకాలు పెట్టండి. మొదటి సంతకం నాదే.

మీ మేలు కోరే,
ఒక రిటైర్డ్ టీచరు,
కొత్తపేట