సైనికునకు సీటొక్కటే చాలదు

సరిహద్దు కాపలా నుండి ఇంటికి వచ్చిన సైనికునకు పూలదండ వేయుట మన సమాజము ఎరుగును. పెన్షను కాగితము చేతికిచ్చుట ఎరుగును. బ్యాంకు గుమ్మము వద్ద తుపాకి ఇచ్చి మరల కాపలాకు నిలబెట్టుట మరీ బాగుగా ఎరుగును. అతనికి చదువు చెప్పుట మాత్రము ఇంకను నేర్చుకొనలేదు.

మన దేశములో సిపాయిగా చేరినవాడు సాధారణముగా పదిహేను, పదిహేడేండ్లు సేవ చేసి నలుబది నిండకమునుపే బయటికి వచ్చును. ఏటా ఇట్లు మూడు దళముల నుండి వచ్చువారు సుమారు 60,000 మంది. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరమును జనులు మిలిటరీ మాధవరమనియే పిలుతురు. తరతరములుగా బిడ్డలను సైన్యమునకు పంపిన ఊరది. అట్టి ఊళ్ళు మన తెలుగునాట మరికొన్ని ఉన్నవి. నడివయస్సు రాని మాజీ సైనికుడు అరుగు మీద కూర్చుండి పత్రిక తిరగవేయుట చూచినవారికి మేము చెప్పబోవు మాట క్రొత్తగా తోచదు. అతనికి ఒంటిలో సత్తువ ఉన్నది, చేతిలో కాలమున్నది, క్రమశిక్షణ ఉన్నది. డిగ్రీ లేదు. అది లేనందున తన కన్న పదేండ్లు చిన్నవాడైన గుమాస్తా ముందు దరఖాస్తు పట్టుకొని నిలువవలసి వచ్చుచున్నది.

దీనికి ప్రభుత్వము సులభోపాయమొకటి కనిపెట్టినది. మెట్రిక్ పాసై సైన్యములో పదిహేనేండ్లకు తక్కువ కాకుండ పనిచేసినవారిని, పట్టభద్రులు కావలసిన కేంద్ర ప్రభుత్వపు గ్రూపు సి ఉద్యోగములకు అర్హులుగా ఎంచవచ్చునని 1986లో నిబంధన చేసినారు. సాంకేతికానుభవము కావలసిన ఉద్యోగములు ఇందులో చేరవు. ఉద్దేశము మంచిదే, కొన్ని కుటుంబములకు అన్నము పెట్టినది. అయినను పట్టభద్రునితో సమానమని కాగితము మీద వ్రాసినంత మాత్రమున ఆ చదువు వచ్చినట్లు కాదు. పరీక్ష హాలులోని ప్రశ్నపత్రము ఆ కాగితమును మన్నింపదు. చదువునకు బదులు సమానతా పత్రమిచ్చుట, ఆకలిగొన్నవానికి విస్తరి వేసి వడ్డన మరచుట వంటిదని మా అభిప్రాయము.

అమెరికా వారు ఈ పాఠమును రెండు విడతలుగా నేర్చుకొన్నారు. 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్వెల్టు సంతకము చేసిన చట్టమునకు జి.ఐ. బిల్లు అని వాడుక పేరు. రెండవ ప్రపంచ యుద్ధము నుండి మరలివచ్చిన సైనికునకు అది ఏటికి 500 డాలర్ల వరకు కళాశాల రుసుము, పైగా నెలకు 50 డాలర్ల భృతి, సంసారమున్నచో 75 డాలర్లు ఇచ్చినది. చికాగో విశ్వవిద్యాలయాధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్, హార్వర్డు అధ్యక్షుడు జేమ్స్ కొనాంట్ వంటి పెద్దలు కలవరపడినారు. తగనివారు వచ్చిపడి విద్యాప్రమాణములు దిగజారునని వారి భయము. జరిగినది వేరు. 1947లో కళాశాలలలో చేరినవారిలో దాదాపు సగము మంది మాజీ సైనికులే. భార్యాబిడ్డలతో రేకుల ఇండ్లలో కాపురముండి చదివినారు. ఆ చట్టము క్రింద కళాశాల మెట్లెక్కినవారు సుమారు 22 లక్షలు. కొనాంట్ స్వయముగా తన అభిప్రాయమును మార్చుకొన్నాడు.

ఈ కథను ఇంతటితో ఆపి మెచ్చుకొనుట వాడుక. మేము ఆపము. అదే చట్టము నల్లజాతి సైనికునకును కాగితము మీద అదే హక్కు ఇచ్చినది. కాని దక్షిణ రాష్ట్రములలో తెల్లవారి కళాశాలలు అతనికి తలుపు తీయలేదు. నల్లవారి కళాశాలలలో చోటు చాలక వేలాదిమంది వెనుదిరిగినారు. అల్పసంఖ్యాకుల కళాశాలలో చదువుచున్న మనకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. హక్కు రాజధానిలో పుట్టును. అది చెల్లునో చెల్లదో తేలునది ఊరి కళాశాల గుమ్మము వద్దనే.

రెండవ విడత వియత్నాము యుద్ధకాలమున వచ్చినది. 1966 చట్టము మొదట ఒంటరి విద్యార్థికి నెలకు 100 డాలర్లిచ్చినది. రుసుము అందులోనే, తిండియు అందులోనే. ఆ యుద్ధమునకు వెళ్ళినవారిలో పేదయిండ్ల పిల్లలు, ఉన్నత పాఠశాల ముగియకయే వెళ్ళినవారు చాలమంది. వారికి సొమ్ము చూపినంత మాత్రమున కళాశాల అందలేదు. అప్పుడు, 1972లో, వెటరన్స్ అప్‌వర్డ్ బౌండ్ అను పథకము ఆరంభమైనది. ముఖ్యముగా పేదవారికిని, తమ ఇంట తొలిసారిగా కళాశాల చదువు తలపెట్టినవారికిని ఉద్దేశించినది. అందులో చేరిన మాజీ సైనికునకు ఏది గుర్తున్నదో, ఏది మరపునకు వచ్చినదో మొదట పరీక్షింతురు. ఆ పిమ్మట గణితము, ప్రయోగశాల విజ్ఞానము, వ్యాసరచన, సాహిత్యము, ఒక అన్యభాష చెప్పుదురు. దరఖాస్తు నింపుట, విద్యార్థివేతనము వెదకుట నేర్పుదురు. అంతయు ఉచితము. ఇది డిగ్రీ కాదు. డిగ్రీకి ముందటి మెట్టు. 'నీవు చదువగలవు' అని చెప్పి వదలివేయక, చదువగల స్థితికి తెచ్చి మరీ కళాశాలకు పంపుట ఇందలి విశేషము. సీటు ఇచ్చిన నాటి నుండి ఈ మెట్టు కట్టిన నాటికి ఆ దేశమునకు 28 ఏండ్లు పట్టినది.

మనకంత వ్యవధి లేదు. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకము ప్రకటింపబడినది. యువకులు పదిహేడున్నరేండ్లకు, ఇరువదియొకటికి నడుమ చేరుదురు. నాలుగేండ్లు సేవ చేయుదురు. వారిలో నూటికి 25 మందికి మించకుండ స్థిరముగా ఉంచుకొని, మిగిలినవారిని సుమారు 11.71 లక్షల రూపాయలతో ఇంటికి పంపుట పథకము. 2022 చివరను, 2023 మొదటను చేరిన తొలి జట్లకు నాలుగేండ్లు నిండునది 2026 చివరను, 2027 మొదటను. ఈ పథకము మంచిచెడ్డల వాదము ఇక్కడ పెట్టము. అది వేరొక వ్యాసము. మాకు కనిపించునది ఒక్కటే. మునుపటి మాజీ సైనికుడు మా తండ్రుల ఈడువాడు. ఇతడు మా ఈడువాడు, మా ప్రక్క బల్ల మీద కూర్చుండవలసినవాడు. వీరి కొరకు ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము ద్వారా ఒక డిగ్రీ ఏర్పాటు చేసినారు. సేవలో పొందిన శిక్షణకు సగము క్రెడిట్లు లభించును. మిగిలిన సగము పుస్తకము చదివి సంపాదింపవలెను. ఆ సగమునకు తోడెవరు? 1982లో దేశములోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము హైదరాబాదులో వెలసినది. దాని మేలు మరువరానిది. కాని దూరవిద్య తలుపు తెరచునే గాని, ప్రక్కన కూర్చుండి లెక్క చెప్పదు.

ఆ పని మన కళాశాల చేయగలదు. పెద్ద కళాశాలల కన్న బాగుగా చేయగలదని కూడ మా నమ్మకము. తెలుగు సైనికుడు సైన్యములో మాటలాడినది హిందీ. చిన్ననాడు బడిలో చదివినది తెలుగు. డిగ్రీ పుస్తకము ఆంగ్లము. ఈ మూడింటి నడుమ అతడు పడు తికమక మనకు క్రొత్త గాదు. ఉర్దూ మాధ్యమములో పదవ తరగతి ముగించి వచ్చిన మన సోదరసోదరీమణులు ఏటేటా పడుచున్నదే. ఒక సూత్రమును ఉర్దూలో చెప్పి, తెలుగులో చెప్పి, తుదకు ఆంగ్లములో వ్రాయించు నేర్పు మన అధ్యాపకులకు అలవాటైనది. కొందరు దీనిని మన వెనుకబాటుగా ఎంతురు. మేము ఆస్తిగా ఎంచుచున్నాము.

కమిటీ పెద్దలు రెండు మాటలు అనవచ్చును. ఉన్న పిల్లలకే నిధులు చాలవని మొదటిది. ఇది నిజమే, కాని మేము అడుగునది భవనము కాదు, క్రొత్త ఉద్యోగములు కాదు. సాయంత్రము రెండు గంటల కాలము, ఒక గది, దీపము ఖర్చు, ఇద్దరు అధ్యాపకులకు గౌరవ వేతనము. లెక్కలలోను ఆంగ్లములోను గట్టివారైన చివరి సంవత్సరపు విద్యార్థులు తోడుపడుదురు. ఇది అల్పసంఖ్యాకుల కళాశాల గదా, వచ్చువారు మనవారు కాకపోవచ్చును గదా అనునది రెండవది. రాజ్యాంగపు 30వ అధికరణము మనకిచ్చినది కళాశాల స్థాపించి నడుపుకొను హక్కు. గుమ్మము ఇరుకు చేసికొమ్మని అది చెప్పలేదు. 1965లో అసల్ ఉత్తర్ వద్ద శత్రువుల ట్యాంకుల నెదిరించి అమరుడై పరమవీరచక్ర పొందిన హవల్దారు అబ్దుల్ హమీద్ ఎవరివాడని ఎవరును అడుగరు గదా.

మొదటి జట్టునకు ఇరువదిమంది చాలును. ఆరు నెలల తరగతి, ఆదివారము సెలవు. ఎవరు ఏ మండలమునకు తిరిగి వచ్చినారో తెలిసికొనుటకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము ఉన్నది. ఆ కార్యాలయమునకు వ్రాయవలసిన లేఖ చిత్తుప్రతిని మేము సిద్ధపరచి ప్రిన్సిపాలుగారికి అందజేసెదము. దాని క్రింద సంతకము కళాశాల తరఫున వారు పెట్టవలెను.