లెనిన్‌గ్రాడ్ చలికాలం: త్యాగకథ మరుగుపరచిన తల్లులు

నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్ నాడు లెనిన్‌గ్రాడ్‌గా ఉండి జర్మన్ సేనల దిగ్బంధంలో చిక్కుకున్నప్పుడు, 1941–42 శీతకాలాన్ని పసితనంలో అనుభవించినవారి జ్ఞాపకాలను గురించి వ్రాసేవారిలో అత్యధికులు, తన వంతు రొట్టెను బిడ్డ నోటికి అందించి తాను కన్నుమూసిన తల్లిలోనే ఆ జ్ఞాపకాల సారమంతా ఉన్నదని ముందే తీర్మానించుకుని ఉంటారు. స్మారక ప్రసంగాలు ఈ తీర్మానాన్నే వల్లించాయి. మాస్కోలో తెలుగులో అచ్చయి విశాలాంధ్ర దుకాణాల్లో దొరికిన సోవియట్ పుస్తకాలు చదివి పెరిగిన పాఠకులకు కూడా యుద్ధకాలపు వీరమాత కొత్త కాదు. అటువంటి తల్లులు ఉన్నారు, వారి ముందు ఎవరైనా తల వంచవలసిందే. అయితే ఆ ఒక్క రూపాన్నే మాతృత్వానికి కొలమానం చేయడం చరిత్రను తప్పుగా చదవడమే గాక, బతికి బయటపడినవారి పట్లా వారిని బతికించినవారి పట్లా ఘోరమైన అన్యాయం.

ఆనాటి రేషన్ లెక్కను చూస్తే ఈ అన్యాయం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. 1941 సెప్టెంబరు 8న మొదలై 872 రోజులు సాగిన ఆ దిగ్బంధంలో ఆహార కార్డులను వర్గాలుగా విభజించారు: కార్మికులు ఒక వర్గం, కార్యాలయ ఉద్యోగులు ఒకటి, పన్నెండేళ్ళ లోపు పిల్లలు ఒకటి, ఉద్యోగం లేక ఇతరుల మీద ఆధారపడినవారు మరొకటి. గృహిణులూ వృద్ధులూ పన్నెండేళ్ళు నిండిన పిల్లలూ ఈ చివరి వర్గంలోకే వచ్చారు. నవంబరు 20 నుంచి డిసెంబరు 25 వరకు కార్మికునికి రోజుకు 250 గ్రాములు, మిగిలిన వర్గాలకు 125 గ్రాముల రొట్టె మాత్రమే దక్కింది. అందులోనూ పశువుల దాణాగా వాడే పత్తిగింజల చెక్క, కలప నుంచి తీసిన సెల్యులోజు వంటివి కలిసి ఉండేవి. పిల్లల కార్డు మీద కొవ్వులూ చక్కెరా ఆధారితుల కార్డు కన్న ఎక్కువ వచ్చేవి గనుక, ఇంటిపట్టున ఉండే తల్లికి ప్రాణం నిలబెట్టుకునే అవకాశం ఆమె పసిబిడ్డ కన్న కూడా తక్కువ. అటువంటి స్థితిలో ఆమె తన 125 గ్రాములను కూడా వదులుకుంటే ఏమవుతుంది? కొద్ది రోజుల్లో ఆమె పోతుంది, ఆ తరువాత బిడ్డ కోసం తెల్లవారక ముందే రొట్టె కొట్టు ముందు వరుసలో నిలబడేవారు గాని, పోతే మళ్ళీ దొరకడం దుర్లభమైన కార్డును కాపాడేవారు గాని, గడ్డకట్టిన నేవా నదికి కన్నం పొడిచి చిన్న స్లెడ్జి బండి మీద నీళ్ళు లాక్కొచ్చేవారు గాని ఉండరు.

కనుకనే ఆనాటి పిల్లల జ్ఞాపకాల్లో లాలన ఎంత ఉన్నదో కాఠిన్యమూ అంతే ఉన్నది. రొట్టెను తల్లి చిన్న ముక్కలుగా కోసి, బీరువాలో పెట్టి తాళం వేసి, బిడ్డ ఎంత ఏడ్చినా వేళ కాకముందు తీయలేదు. పడక మీద నుంచి లేవనన్న బిడ్డను లేపి, చలిలోనే ముఖం కడిగించింది. పుస్తకాలూ కుర్చీలూ బుర్జూయ్‌కా అనే చిన్న ఇనుప పొయ్యిలో వేసి కాల్చింది. వడ్రంగుల జిగురును ఉడికించి పేరబెట్టింది, దురాండా అనే గానుగ చెక్కను నానబెట్టింది. మైనస్ 30 డిగ్రీల చలి దాకా దిగిన ఆ నెలల్లో తాళం వేయడమూ కసరడమూ ప్రేమ లేకపోవడం వల్ల కాదు, ప్రేమ అప్పుడు పని చేయగలిగిన ఒకే ఒక్క తీరు అది. త్యాగకథ ఈ తల్లిని తన చిత్రంలో చేర్చుకోలేక ఆమెను వదిలివేసింది.

యూరా ర్యాబింకిన్ దినచర్యను ఈ కథ ఏ విధంగా అర్థం చేసుకోగలదు? పదహారేళ్ళ ఆ బాలుడు తల్లికీ చెల్లెలికీ చేరవలసిన తిండిలో కొంత దారిలోనే తిని, ఆ సంగతిని తన నోటు పుస్తకంలో తీవ్రమైన పశ్చాత్తాపంతో నమోదు చేసుకున్నాడు. 1942 జనవరిలో నగరం విడిచే అవకాశం వచ్చినప్పుడు అతడు నడవలేని స్థితిలో ఉన్నాడు. తల్లి చిన్న కూతురిని మాత్రమే తీసుకుని వెళ్ళింది, వొలోగ్దా స్టేషను చేరాక ఆమె మరణించింది, కూతురు బతికింది. త్యాగమే కొలమానమైతే ఈ తల్లి ఓడిపోయినట్టు, ఆ కొడుకు దొంగ అయినట్టు. ఆ మాట అనగలిగినవారు ముందు తమ కొలమానాన్నే పరీక్షించుకోవాలి.

పసివారి జ్ఞాపకాలు తరువాత చూసిన సినిమాలతోనూ విన్న మాటలతోనూ కలిసిపోతాయి గనుక వాటిని సాక్ష్యంగా స్వీకరించలేమని కొందరు చరిత్రకారులంటారు. ఈ ఆక్షేపణలో కొంత న్యాయం ఉన్నా, అరవై ఏళ్ళ తరువాత చెప్పిన జ్ఞాపకాలు చాలావరకు త్యాగం వైపు మొగ్గుతుండగా, ఆ శీతకాలంలోనే వ్రాసిన దినచర్యలు తిండి లెక్కలనూ కలహాలనూ నిండుగా నమోదు చేయడం గమనించదగ్గది. అంటే తరువాత వచ్చి కలిసినది కాఠిన్యం కాదు, వీరత్వం. ఆలెస్ అదమోవిచ్, దనీల్ గ్రానిన్ అనే ఇద్దరు రచయితలు బతికినవారిని కలిసి మాటలు సేకరించి, యూరా దినచర్యతో సహా కూర్చిన ‘దిగ్బంధ గ్రంథం’లో మొదటి భాగాలు 1977లో మాస్కో పత్రికలో వెలువడినా, ఆ పుస్తకం లెనిన్‌గ్రాడ్‌లోనే అచ్చు కావడానికి 1984 వరకు ఆగవలసి వచ్చింది. అంతకు ముందే, నగర రక్షణ మ్యూజియాన్ని స్టాలిన్ కాలంలో 1949లో మూసివేశారు, అది 1989 దాకా తిరిగి తెరుచుకోలేదు. తల్లుల నిజమైన మాటలు మరుగున పడడం మతిమరుపు వల్ల జరిగింది కాదు.

త్యాగకథ చేసిన అతి పెద్ద నష్టం బాధ్యతను తప్పించడం. ఆ నగరాన్ని లొంగదీసుకోవడం కన్న ఆకలితో తుడిచిపెట్టడమే లక్ష్యమని జర్మన్ నాయకత్వం 1941 సెప్టెంబరులోనే ఆదేశించింది. ఆ వేసవిలో సోవియట్ అధికారులు చాలామంది పిల్లలను శత్రుసేన వస్తున్న దిక్కుకే పంపి తిరిగి వెనక్కు తెచ్చారు. మరణాలను తల్లి మహోన్నత నిర్ణయాలుగా వర్ణించిన కొద్దీ ఈ రెండు నేరాలూ కనుమరుగవుతాయి. నాటి అయిదేళ్ళ పిల్లలు ఇప్పుడు తొంభై ఏళ్ళ ప్రాయానికి చేరుకున్నారు. వారి మాటలను సేకరిస్తున్నవారు అమ్మ తన రొట్టె పెట్టిందా అని మాత్రమే అడగడం మాని, ఆమె ఎప్పుడు కసిరిందో, ఏది దాచిందో, ఏ మాటను ఈనాటికీ వారు క్షమించలేకపోతున్నారో కూడా అడిగి, విన్నదాన్ని దిద్దకుండా వ్రాసిపెట్టాలి.